రోమ్‌లో మూడు రోజులు, ఐదుగురు మనుషులు, ఒక మోకాలు

ముందు కేసు వివరాలు. కుటుంబం ఐదుగురు. కొడుకు, కోడలు మాంచెస్టర్‌లో ఐటీ ఉద్యోగులు, వాళ్లకి తొమ్మిదేళ్ల పాప. తెనాలి నుంచి వాళ్ల దగ్గరికి వెళ్తున్న తల్లిదండ్రులు ఇద్దరు. పెద్దాయన రిటైరైన సోషల్ మాస్టారు, డెబ్బైకి దగ్గర పడ్డారు, కుడి మోకాలు అరిగింది. అమ్మగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి, షుగర్ మాత్రల మీద ఉన్నారు. అక్టోబర్ చివర్లో పాపకి స్కూల్ సెలవులు. శుక్రవారం సాయంత్రం రోమ్‌లో దిగి మంగళవారం తిరుగు ప్రయాణం. అంటే నికరంగా చేతిలో ఉన్నది శని, ఆది, సోమ.

నేను టికెట్లు అమ్మను, టూర్ బస్సులు నడపను. హైదరాబాద్‌లో కూర్చుని యూరప్ వెళ్లే తెలుగు కుటుంబాలకి రోజువారీ ప్లాన్ రాసిస్తాను. బుకింగులు వాళ్లే చేసుకుంటారు, ఎక్కడ ఏ గంటకి చేయాలో నేను చెప్తాను. ఈ కేసు రాయడానికి కారణం ఇందులో అన్ని చిక్కులూ ఒకేచోట ఉండటమే: పెద్దవాళ్లు, చిన్నపిల్ల, తిండి పట్టింపు, వీసాలు, పైగా ఏడాదిలో కెల్లా తిరకాసు ఆదివారం.

అబ్బాయి పంపిన లిస్టు ఇది: కొలోసియం, రోమన్ ఫోరం (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పాలటైన్ కొండ, వాటికన్ మ్యూజియంలు, సెయింట్ పీటర్స్ చర్చి, దాని గుమ్మటం ఎక్కడం, ట్రెవి ఫౌంటెన్, పాంథియన్, స్పానిష్ స్టెప్స్, బోర్గేసే గ్యాలరీ, ట్రాస్టెవెరె పేటలో ఒక సాయంత్రం, ఒక పూట ఫ్లోరెన్స్, "వీలైతే పాంపే కూడా అక్కా".

ఇలాంటి లిస్టు రాగానే నేను చేసే మొదటి పని దాన్ని పక్కన పెట్టడం. ముందు ఆ ఊరి క్యాలెండర్ తీస్తాను. ఏ రోజు ఏది మూత, ఏది ఎన్నింటికి తలుపులు వేస్తుంది, దేనికి పేరుతో, టైంతో టికెట్ కొనాలి. తర్వాత గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో అడుగుతాను. ఈ రెండూ తేలితే సగం ప్లాన్ దానంతటదే కుదురుతుంది. లిస్టుతో మొదలుపెట్టిన ప్లాన్ ఎన్నిసార్లు రాసినా కుదరదు.

వీసాలు

ఫోన్ జూన్‌లో వచ్చింది కాబట్టి బతికిపోయాం. యూకేలో ఉద్యోగ వీసా మీద ఉన్నా, ఇండియన్ పాస్‌పోర్టు అయితే ఇటలీకి షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి చెల్లే వీసా, కావాల్సిందే. కొడుకు కుటుంబం అక్కడే నివాసం కాబట్టి అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమ్మానాన్నల సంగతి వేరు. "వాళ్లు ఇక్కడికి వచ్చాక అందరికీ కలిపి ఒకేసారి పెట్టేస్తాం" అన్నాడు అబ్బాయి. వద్దన్నాను. షెంజెన్ వీసాకి మామూలుగా తాము నివసించే దేశం నుంచే దరఖాస్తు పెట్టాలి. విజిటర్‌గా వెళ్లిన దేశం నుంచి పెడితే ఎందుకు అక్కడినుంచి పెడుతున్నారో కారణం చూపించి ఒప్పించాలి, ఒప్పుకోకపోతే ట్రిప్పే పోతుంది. అందుకని పెద్దవాళ్లవి హైదరాబాద్‌లోనే పెట్టించాం. ఒకే పాస్‌పోర్టు రెండు చోట్లకి వెళ్లాలి కాబట్టి ముందు యూకే వీసా, అది చేతికొచ్చాక ఇటలీ.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా సాగుతుంది. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మోకాలి నొప్పి ఉన్న మనిషికి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత జబ్బులకి వర్తిస్తుందా లేదా అన్న లైను చదవమని ప్రత్యేకంగా చెప్పాను. వీసా కోసం కొనే చవక పాలసీల్లో చాలావాటిలో ఆ లైను మనకి అనుకూలంగా ఉండదు.

ఆ ఆదివారం

ఈ ట్రిప్పులో పడింది అక్టోబర్ ఆఖరి ఆదివారం. రోమ్‌లో ఆ ఒక్క రోజు మీద మూడు సంగతులు వచ్చి పడతాయి.

ఒకటి, వాటికన్ మ్యూజియంలు ఆదివారాలు మూసి ఉంటాయి, నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు, 12.30 తర్వాత లోపలికి రానివ్వరు, ప్రవేశం ఉచితం. రెండు, యూరప్‌లో దాదాపు అన్ని దేశాల్లో ఆ తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మూడు, ఆ రోజు నుంచి కొలోసియం చలికాలం వేళల్లోకి మారి సాయంత్రం 4.30కే మూసేస్తారు, చివరి ప్రవేశం 3.30కి. ముందురోజు చీకటిపడే దాకా తెరిచి ఉన్నది మర్నాడు ఇంకా వెలుతురుండగానే మూతపడుతుంది. బ్లాగుల్లో ఎండాకాలం వేళలు చూసుకుని వెళ్లినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

"అక్కా, ఆదివారం వాటికన్ ఫ్రీ అట కదా. వంద యూరోలు మిగుల్తాయి" అన్నాడు అబ్బాయి. లెక్క తప్పు కాదు. టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగ్ 5, నలుగురు పెద్దవాళ్లకి సరిగ్గా వంద. "మిగుల్తాయి బాబూ. నాన్నగారిని ఎన్ని గంటలు నిలబెడదాం?" అన్నాను. ఉచిత ఆదివారానికి బుకింగ్ ఉండదు. వాటికన్ గోడ వెంట క్యూ కట్టి నిలబడటమే, లోపలికి వెళ్లినా భుజం భుజం రాసుకుంటూ కదలడమే. మోకాలు బాగున్నవాళ్లకి కూడా నేను దీన్ని సలహా ఇవ్వను. ఐదు గంటల కిటికీలో ఊరంతా దూరాలని చూసే చోట ఉచితం అనేది ధర కాదు, ఎర.

సరే, వాటికన్ సోమవారం. బోర్గేసే గ్యాలరీకి సోమవారం సెలవు. అది రెండేసి గంటల స్లాట్లలోనే చూడాలి, ఆదివారం పెడితే రోజంతా దాని చుట్టూ తిరుగుతుంది. కాబట్టి అది లిస్టులోంచి పోయింది. కొలోసియం వేళలు మారకముందే, శనివారం పొద్దున్నే. మిగిలిన ఆదివారాన్ని టికెట్లతో పనిలేని రోజుగా, అంటే వీధులూ, ఫౌంటెన్లూ, చౌరస్తాలూ చూసే రోజుగా పెట్టాను. పాంథియన్‌లో మాత్రం జాగ్రత్త. అది ఒకప్పటి రోమన్ గుడి, ఇప్పటికీ చర్చిగా నడుస్తోంది. ఆదివారం పొద్దున 10.30కి, శనివారం సాయంత్రం 5కి ప్రార్థన ఉంటుంది, ఆ సమయంలో చూడటానికి వచ్చినవాళ్లని బయటే ఆపుతారు.

గడియారం వెనక్కి తిరగడాన్ని చాలామంది గందరగోళం అనుకుంటారు. నాకది కానుక. ఆదివారం పొద్దున ఏడింటికి లేచే ఒళ్లు గడియారంలో ఆరింటికే లేస్తుంది. ఆ రోజు రోమ్‌లో సూర్యోదయం దాదాపు 6.35కి. ట్రెవి ఫౌంటెన్ దగ్గర జనం లేకుండా నిలబడగలిగే వేళ అదొక్కటే. మామూలు రోజుల్లో ఏ కుటుంబాన్నీ ఆ వేళకి నేను బయటికి లాగలేను, ఆ రోజు వాళ్లంతట వాళ్లే లేస్తారు.

ఎక్కడ దిగాలి

మొదట కోడలు చూసిన హోటల్ టెర్మినీ స్టేషన్ పక్కన. చవక, మెట్రో రెండు లైన్లూ అక్కడే. నేను ప్రాతి పేట పట్టుబట్టాను. వాటికన్‌కి ఆనుకుని ఉంటుంది, నేల చదును, ఫుట్‌పాత్‌లు వెడల్పు. రోమ్ ఏడు కొండల ఊరన్నది పుస్తకంలో చదివితే అందంగా ఉంటుంది, అరిగిన మోకాలికి కాదు. పాత పేటల్లో వీధులన్నీ నల్లటి చిన్న రాతి దిమ్మెలు పరిచినవే, వాన పడితే జారతాయి.

హోటల్‌కి మెయిల్ పెట్టి రెండు ప్రశ్నలు అడగమన్నాను. లిఫ్ట్ వీధి మట్టం నుంచే ఉందా, లేక కొన్ని మెట్లెక్కాక మొదలవుతుందా? బాత్రూంలో స్నానం నేల మీదేనా, టబ్బు గోడ దాటి లోపలికి దిగాలా? రోమ్‌లో చాలా హోటళ్లు వందేళ్లనాటి అపార్ట్‌మెంట్లలో ఒక అంతస్తు తీసుకుని నడుపుతారు. వెబ్‌సైట్‌లో "లిఫ్ట్ ఉంది" అని ఉంటుంది, అది అబద్ధం కాదు, కానీ దాని దగ్గరికి చేరడానికి ఎనిమిది మెట్లుంటాయి. మొదట అనుకున్న రెండు హోటళ్లు ఈ ప్రశ్నలకే పోయాయి.

ఇంకో ఖర్చు ముందే చెప్పాను, లేకపోతే చెకౌట్ దగ్గర గొడవ. రోమ్ నగరం పన్ను గది అద్దెలో కలవదు. త్రీ స్టార్‌కి మనిషికి రాత్రికి 6 యూరోలు, పదేళ్లలోపు పిల్లలకి లేదు. నలుగురికి నాలుగు రాత్రులంటే 96 యూరోలు.

ఫియుమిచినో ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాలు, 14 యూరోలు. ఐదుగురు, సామాన్లు, మోకాలు ఉన్నప్పుడు రైలు దిగి మళ్లీ మెట్రో మారడం నాకు నచ్చదు. తెల్ల టాక్సీలకి ఎయిర్‌పోర్ట్ నుంచి నగరంలోకి నిర్ణీత ఛార్జీ ఉంటుంది, కానీ ఆ ధర ఔరేలియన్ గోడల లోపలికే. 3వ శతాబ్దంలో ఔరేలియన్ చక్రవర్తి కట్టించిన గోడలు ఇవాళ్టికీ టాక్సీ బిల్లు తేలుస్తున్నాయంటే మాస్టారికి భలే నచ్చింది. ప్రాతి ఆ గోడలకి బయట పడుతుంది. అందుకని నిర్ణీత ధర మీద ఆశ పెట్టుకోకుండా ఐదుగురు పట్టే వ్యాన్ హోటల్ ద్వారానే ముందుగా మాట్లాడించాం. శుక్రవారం ఇంకేమీ పెట్టలేదు. ఇటలీలో రవాణా సమ్మెలు తరచూ శుక్రవారాలే వస్తాయి, ముందే ప్రకటిస్తారు కాబట్టి వారం ముందు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. ఇప్పుడు షెంజెన్ సరిహద్దులో వేలిముద్రలు, ఫోటో తీసుకునే పద్ధతి కూడా వచ్చింది, దిగిన గంటలో హోటల్లో ఉంటామన్న లెక్కలు వేసుకోకండి.

ఊళ్లో మెట్రో, బస్సు టికెట్ 1.50 యూరోలు, వంద నిమిషాలు చెల్లుతుంది, పదేళ్లలోపు పిల్లలకి ఉచితం. టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబర్ బస్సు జేబుదొంగలకి పేరుమోసింది, ఎక్కొద్దన్నాను. అమ్మగారికి విడిగా ఒక మాట: నానుతాడు లోపలికి, మిగతా బంగారం మాంచెస్టర్‌లోనే.

ఏం తీసేశాం

ఫ్లోరెన్స్ గురించి కోడలితో రెండు కాల్స్ నడిచాయి. హైస్పీడ్ రైల్లో గంటన్నరే కదా అన్నది ఆమె వాదన. రైలు గంటన్నరే, కానీ హోటల్ నుంచి స్టేషన్, స్టేషన్ నుంచి ఊళ్లోకి, మళ్లీ వెనక్కి అన్నీ కలిపితే మూడు రోజుల్లో ఒక రోజు పోతుంది. పాంపే అయితే రోజంతా ఎండలో రాళ్ల మీద నడక, మాస్టారు గేటు దగ్గరే కూర్చోవాలి. సెయింట్ పీటర్స్ గుమ్మటానికి మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగుల్తాయి, అవి కూడా చివర్లో గుమ్మటం వంపుతోపాటు పక్కకి వాలి ఎక్కాల్సినవి. స్పానిష్ స్టెప్స్ దూరం నుంచి చూస్తే చాలు. 2019 నుంచి వాటి మీద కూర్చుంటే జరిమానా కూడా, ఇక వెళ్లి ఏం చేస్తారు? పాలటైన్ కొండ తీసేశాను. ఫోరం మాత్రం సగం ఉంచాను, ఆ సంగతి కింద చెప్తాను.

తిండి

అమ్మగారి విషయంలో "ఇటలీలో పిజ్జా, పాస్తా ఉన్నాయిగా" అని అందరూ తేలిగ్గా తీసేస్తారు. రోమ్ వంటలో శాకాహారంలా కనిపించే మాంసం చాలా ఉంది. గుమ్మడి జాతి పూలని పిండిలో ముంచి వేయించే ఫియోరి ది జుక్కా చూస్తే మన బజ్జీ గుర్తొస్తుంది, లోపల చీజ్‌తోపాటు ఆంచొవీ చేప పెడతారు. సుప్లీ అనే అన్నం ఉండలో సాధారణంగా మాంసం సాసు కలుస్తుంది. పుంతరెల్లె ఆకుకూర సలాడ్‌లో ఆంచొవీ నూరి పోస్తారు. తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది, ఎండు స్పగెట్టిలో మామూలుగా ఉండదు. పెకోరినో రొమానో, పార్మెజాన్ చీజ్‌లు గొర్రెపిల్ల, దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొట్టినవి. కాచో ఎ పెపె అనే పాస్తాలో మిరియాలు, చీజ్ తప్ప ఏమీ లేదంటారు, నిజమే, ఆ చీజే పెకోరినో.

ఇవన్నీ ముందే చెప్పాలా అన్నది ప్రశ్న. కొడుకు "చెప్తే ఏమీ తినదు అక్కా" అన్నాడు. తినే మనిషికి తెలియాలన్నాను. చెప్పాం. ఆవిడ కంగారేమీ పడలేదు. "చీజ్ లేకుండా ఏమున్నాయో చెప్పమ్మా" అన్నారు. చాలా ఉన్నాయి. టమాటా, వెల్లుల్లి, నూనెతో చేసే మారినారా పిజ్జా. ఉత్త టమాటా పూసి కాల్చే పిజ్జా రోస్సా, దాన్ని బేకరీల్లో కత్తెరతో కత్తిరించి తూకం వేసి ఇస్తారు, ఎంత కావాలో వేలితో చూపిస్తే చాలు. స్పగెట్టి అల్ పొమొదోరో, అందులో చీజ్ వేయొద్దని చెప్పాలి. నూనెలో నిలువునా వేయించిన ఆర్టిచోక్, పాత యూదుల పేట వంటకం. ఒక పూట ఎస్క్విలినో మార్కెట్ వైపు వెళ్తే భారతీయ, బంగ్లాదేశీ దుకాణాలు ఉంటాయి, పచ్చిమిరపకాయలు కూడా దొరుకుతాయి.

ఇంటినుంచి పట్టుకెళ్లే డబ్బాల మీద కూడా ఒక నిబంధన ఉంది. ఈయూ బయటినుంచి, అంటే యూకే నుంచి కూడా, సామాన్లలో మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా మాంచెస్టర్‌లో దింపించాను. కంది పొడి, కారప్పొడి, అటుకులు వెళ్లాయి.

రోమ్‌లో రాత్రి భోజనం ఏడున్నరకి ముందు పెట్టేవాళ్లు తక్కువ. మాత్రలు వేసుకునే మనిషికి మధ్యలో ఖాళీ కడుపు పనికిరాదు కాబట్టి ఐదింటికి బేకరీ పిజ్జా ముక్క ప్లాన్‌లోనే రాశాను. రోజూ మధ్యలో కొన్ని గంటలు హోటల్లో పడుకోవడం కూడా రాశాను. ఆ గంటల మీద కొడుకు బేరమాడాడు, నేను తగ్గలేదు.

జరిగింది

శనివారం పొద్దున 9.15కి కొలోసియం స్లాట్. అధికారిక సైటులో టికెట్లు నెల రోజుల ముందు విడుదలవుతాయి, 18 యూరోలు, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి ఉచితమే గానీ వాళ్లకీ టికెట్ తీసుకోవాలి. టికెట్ మీద పేరు ఉంటుంది, గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మన పేర్లతో ఇక్కడ ఎప్పుడూ తంటా. మాస్టారి పాస్‌పోర్టులో పేరు గడిలో మూడు మాటలు, ఇంటిపేరు విడిగా. మామూలుగా సంతకం చేసేటట్టు ఇంటిపేరు పొడి అక్షరంతో కొట్టబోయాడు కొడుకు. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే ఎక్కించమన్నాను.

పెద్దవాళ్లు, కోడలు టాక్సీలో, తండ్రీకూతుళ్లు మెట్రోలో వెళ్లారు. లోపల పై అంతస్తుకి లిఫ్ట్ ఉంది, మాస్టారిని అందులో పంపారు. నిజానికి ఆయన ఎక్కువసేపు నిలబడింది బయటే. ఉత్తరం వైపు మిగిలిన పాత గోడలో తోరణాల నెత్తిన రోమన్ అంకెలు చెక్కి ఉంటాయి, క్రీ.శ. 80లో ప్రారంభమైనప్పుడు జనం ఏ ద్వారంలోంచి వెళ్లాలో చెప్పే గేటు నంబర్లు. 23 నుంచి 54 వరకు ఇంకా మిగిలాయి. ఇంగ్లండ్ ప్రైమరీ స్కూల్లో రోమన్ల పాఠం ఉంటుంది, పాప అది చదివే వచ్చింది. 54 దగ్గర ఆగి, ఎల్ పక్కన నాలుగు నిలువు గీతలు చూపించి "తాతయ్యా, ఇది తప్పు. ఎల్ తర్వాత ఐ, వి రాయాలి" అంది. మాస్టారు "రోమన్లు మీ టీచర్ దగ్గర చదువుకోలేదమ్మా" అన్నారట. వాళ్లు నాలుగుని రెండు రకాలుగానూ రాసేవాళ్లని అక్కడే ఫుట్‌పాత్ మీద క్లాసు పీకారు. ఆ వీడియో నాకూ వచ్చింది, వెనకాల టూరిస్టు ఒకాయన కూడా వింటున్నాడు.

అదే టికెట్ మీద ఫోరం కూడా చూడొచ్చు. అక్కడి పవిత్ర వీధి, వియా సాక్రా, పెద్ద పెద్ద నల్లరాతి బండలతో ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకని రెండు జట్లు చేశాను. తండ్రీకూతుళ్లు లోపలికి, మిగతా ముగ్గురు మోంతీ పేటలో కాఫీకి. మాస్టారి ఫోరం ఆదివారానికి అట్టిపెట్టాను.

శనివారం సాయంత్రానికి మోకాలు వాచింది. పెద్దగా తిరిగింది లేకపోయినా నిలబడటమే ఎక్కువైంది. ఆదివారం తెల్లవారి ట్రెవికి ఆయన వెళ్లలేదు. ఇలాంటప్పుడు పనికొస్తాయనే నేను ప్రతి పూటకీ "ఇక్కడ కలుసుకోవచ్చు" అని ఒక చోటు రాస్తాను. మిగతా నలుగురు ఒత్తావియానోలో మెట్రో ఎక్కి బార్బెరీనిలో దిగారు, అక్కడినుంచి ట్రెవికి పల్లం. అమ్మగారు కృష్ణ బ్రిడ్జి మీద రైల్లోంచి వేసినట్టే దణ్ణం పెట్టి నాణెం వేశారు. నీళ్లకి వీపు పెట్టి కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా వేయాలని కోడలు చెబితే, "దేవుడికి వీపు పెట్టి ఎలా వేస్తామే" అని ఒప్పుకోలేదట. ఆ నాణేలన్నీ తీసి కారితాస్ సేవాసంస్థకి ఇస్తారు, ఎటు తిరిగి వేసినా చేరేది అక్కడికే.

తొమ్మిదింటికి పాంథియన్ తలుపులు తెరిచే వేళకి మాస్టారు టాక్సీలో వచ్చి కలిశారు. టికెట్ 5 యూరోలు, 2023 జూలై నుంచి పెట్టారు. చిన్న తుంపర పడుతోంది. పాంథియన్ చూడటానికి అదే మంచి వాతావరణం. 43 మీటర్ల గుమ్మటం నడినెత్తిన కప్పులేని గుండ్రటి కన్ను ఉంటుంది, వాన అందులోంచి నేరుగా లోపల పడుతుంది, నేలలో ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి దిగిపోతుంది. ఇనుప చువ్వలు లేని కాంక్రీట్ గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో అదే పెద్దది, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టింది. బయట నుదుటి మీద మాత్రం అంతకు నూరేళ్ల పైచిలుకు ముందటి అగ్రిప్ప పేరే ఉంటుంది. పాత గుడి కట్టినవాడి పేరుని హేడ్రియన్ అలాగే ఉంచాడు. ట్రెవికి నీళ్లు తెచ్చే కాలువ క్రీ.పూ. 19లో తవ్వించింది కూడా ఆ అగ్రిప్పే.

పది దాటక ముందే బయటపడి ఐదు నిమిషాల్లో పియాజ్జా నవోనా. ఇది ప్లాన్‌లో పెట్టింది అమ్మగారి కోసమే. శిల్పి బెర్నిని 1651లో పూర్తిచేసిన నాలుగు నదుల ఫౌంటెన్‌లో ఒక మూల గంగ ఉంది. డాన్యూబ్, నైలు, రియో దె లా ప్లాతా పక్కన, చేతిలో పొడుగాటి తెడ్డుతో. నది అంటే రోమన్ల ఊహలో పురుషుడు. "గంగమ్మని మగవాణ్ణి చేశారేంట్రా" అని ఆవిడ కాసేపు ఒప్పుకోలేదు, తర్వాత అక్కడే ఎక్కువ ఫోటోలు దిగారు.

మధ్యాహ్నం నిద్రపోయి నాలుగున్నరకి టాక్సీలో కాపిటోలిన్ కొండ మీదికి వెళ్లారు. నగర సభా భవనం పక్కనుంచి వెనక్కి వెళ్తే ఫోరం మొత్తం కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. పైసా టికెట్ లేదు, ఒక్క బండ ఎక్కనక్కర్లేదు. ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతున్నాడు. మాస్టారు పిట్టగోడకి ఆనుకుని సెనేట్ భవనం ఏదో, సెవెరస్ తోరణం ఏదో మనవరాలికి చూపించారు. ముందురోజు ఆ పిల్ల లోపల తిరిగొచ్చింది కాబట్టి దారి ఆమె చెప్పింది. కిందికి దిగాక ఫోరం పక్కన పెద్ద రోడ్డు ఆదివారాలు వాహనాలకి మూసేస్తారు, అక్కడ కొంచెం సేపు నడిచారు.

సోమవారం పొద్దున ఏడింటికి సెయింట్ పీటర్స్. ఆ వేళకి సెక్యూరిటీ క్యూ చిన్నది. పదయ్యేసరికి అదే క్యూ చౌరస్తా చుట్టూ తిరుగుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నియమం మన పెద్దవాళ్లకి సమస్య కాదు, పాప షార్ట్స్ గురించే ముందురోజు గుర్తుచేశాను. చౌరస్తాలో ఫౌంటెన్‌కీ మధ్యలో ఉన్న ఈజిప్టు స్తంభానికీ నడుమ నేలలో ఒక గుండ్రటి రాయి ఉంటుంది. దాని మీద నిలబడి చూస్తే నాలుగు వరసల స్తంభాలు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే వరసగా కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకి వేస్తే నాలుగూ బయటికి వస్తాయి. పాప ఎన్నిసార్లు ఎక్కి దిగిందో లెక్కలేదట.

మ్యూజియంల స్లాట్ మధ్యాహ్నం మూడింటికి తీసుకున్నాం. పొద్దున్నే అయితే మంచిదని చాలామంది చెప్తారు, గ్రూపు టూర్లన్నీ పొద్దున్నే వచ్చి పడతాయి. సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత జనం పలచబడతారు. లోపల వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు, గుర్తింపు కార్డు పెట్టాలి. మాస్టారు మొదట ససేమిరా అన్నారు. "నేనేమన్నా మంచాన పడ్డానురా? నడిచే వస్తా." కొడుకు నాకు ఫోన్ చేసి ఇచ్చాడు. జబ్బు ఊసెత్తలేదు నేను. లోపలికి వెళ్లాక దారి ఒకవైపే సాగుతుందనీ, సిస్టీన్ చాపెల్ దాదాపు చివర్లో వస్తుందనీ, మధ్యలో అలసిపోతే వెనక్కి రావడం కూడా అంతే నడక అనీ చెప్పాను. "కూర్చోవడానికి మధ్యలో బల్లలుంటాయా?" అన్నారు. తక్కువేనన్నాను. "అయితే మన కుర్చీ మనమే తీసుకెళ్దాం" అన్నారు.

సిస్టీన్ చాపెల్లో మాట్లాడనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు. మైకెలాంజెలో పైకప్పు మీది బొమ్మలు 1508 నుంచి 1512 వరకు వేశాడు, ఎదుటి గోడ మీద తుది తీర్పు బొమ్మ దాదాపు పాతికేళ్ల తర్వాత. నిలబడి తల ఎత్తి చూసేవాళ్లకి కొద్దిసేపటికే మెడ పట్టేస్తుంది. కుర్చీలో వెనక్కి వాలిన మాస్టారు మాత్రం అరగంట కదల్లేదు, కోడలే వచ్చి గార్డు చూస్తున్నాడని సైగ చేసింది. ఆ రాత్రి నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లో ఆయన చెప్పింది ఆ కప్పు మీద అందరూ చెప్పుకునే ఆదాము వేలు బొమ్మ గురించి కాదు. కప్పు మీద గీసిన స్తంభాలూ, అంచులూ నిజంగా రాతితో కట్టినవనుకున్నారట, రంగేనని తేల్చుకోవడానికి అంతసేపు పట్టిందట.

ఫిర్యాదులు మూడు వచ్చాయి. అమ్మగారికి రోజూ టమాటా తిని నోరు పుల్లబడింది, కంది పొడి ఆదివారానికే అయిపోయింది. కొడుక్కి ఫోరంలో గంట చాల్లేదు. కోడలు ఫ్లోరెన్స్ మర్చిపోలేదు, ఏప్రిల్‌లో భార్యాభర్తలిద్దరే వెళ్దామనుకుంటున్నారు, మళ్లీ శుక్రవారం నుంచి సోమవారం అంటున్నారు. అక్కడ ఉఫీజీ చిత్రాల గ్యాలరీ, దావీదు శిల్పం ఉన్న అకడెమియా రెండూ సోమవారాలు మూత. గురువారం రాత్రి ఫ్లైట్ ధర చూడమన్నాను, ఇంకా చెప్పలేదు.